సవరణ: అద్దాలు పెట్టుకునే చదవచ్చు

డ్రైవింగ్ లైసెన్సుకు 25 మీటర్ల దూరంలోని నంబర్ ప్లేటును కళ్లద్దాలు లేకుండా చదవాలని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని దరఖాస్తు ఫారం అడిగేది మంచి పగటి వెలుతురులో చదవగలరా అనే. అద్దాలు వాడేవాళ్లు పెట్టుకునే చదవచ్చు. సైటు ఉన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, బండి తీసేటప్పుడు అద్దాలు ఇంట్లో మర్చిపోకుంటే చాలు.

ఇంకోటి. ప్లేటు కనిపిస్తే కంటి డాక్టరు అక్కర్లేదని కొందరు అర్థం చేసుకున్నారు. నేనలా అనలేదు. గ్లాకోమా, అంటే నీటికాసులు, సాధారణంగా ముందు పక్కచూపునే తినేస్తుంది. ఎదురుగా ఉన్న ప్లేటు మీద అంకెలన్నీ స్పష్టంగానే ఉంటాయి, సందులోంచి దూసుకొచ్చే స్కూటీ మాత్రం కనపడదు. షుగర్ ఉన్నవాళ్లకైతే ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పదు.