సైకిల్ టైరులో కొలువైన సీలెంటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సీలెంటు గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునదేమనగా, ఇచ్చట నేను క్షేమం కాదు. తమరి క్షేమం అడగక్కర్లేదు, నా గోళ్ళ సందుల్లో నిక్షేపంగా ఉన్నారు. ముంజేతి వెంట్రుకల్లో కొంత, బాత్రూం జాలీలో కొంత, మా అమ్మ బట్టల బ్రష్షు కుచ్చుల్లో మిగతాదీ సర్దుకున్నారు. ముల్లు దిగితే బెజ్జం మూస్తారని ట్యూబు లేని టైర్లలో పోసుకునే ద్రవం తమరు; లోపలే ఆరి అంటుకుపోయిన తమరిని గీకి తియ్యడంలో ఆదివారం మధ్యాహ్నమంతా తమరికే సమర్పయామి అయిపోయింది. ఒక టైరు సగం తేలింది. రెండోది గోడకి ఆనుకుని నా వైపే చూస్తోంది.

తమరి వంశం గొప్పదే, కాదనను. బెరడుకి గాటు పడితే ఆ గాయాన్ని మూసుకోవడానికి రబ్బరు చెట్టు కార్చే పాలు తమరు. కేరళ తోటల్లో తెల్లారకముందే లేచి, చెట్టు చెట్టుకీ చిప్ప కట్టి పట్టేది తమరినే. గడ్డకట్టే గుణం పుట్టుకతోనే ఉంది కనక, సీసాలో ఉండగానే ఆ పని కానివ్వకుండా అమ్మోనియా కలుపుతారు. టైరు అడుగున తడి ఆరని చోటు ఒకటి బయటపడగానే మా అమ్మ హాల్లోంచి "లోపల ఏం కుళ్ళిందిరా?" అని కేకేసింది ఆ అమ్మోనియా పుణ్యానే.

పల్లేరు ముల్లు దిగిందనుకోండి, బయటికి తన్నుకుపోయే గాలితో పాటు తమరూ ఆ బెజ్జంలోకి పరుగెత్తి, అక్కడే ఇరుక్కుని, గడ్డకట్టి, బిరడా అయిపోతారట. రైడరు దిగనక్కర్లేదట. ఈ ఒక్క మాట మీద మేము ట్యూబులకి విడాకులిచ్చాం. మూలమీది పంచర్ షాపు భాయ్‌కి ఈ సంగతి చెబితే, "ట్యూబే లేదా? మరి దేనికి పంచర్ ఎయ్యాలె సార్?" అన్నాడు. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. (మా హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, దాని మీద సోలార్ పైకప్పు కూడా కప్పారు. ఎండ నుంచి కాపాడుతుంది, సంతోషం. తుమ్మ ముళ్ళు కిందనుంచి వస్తాయి.)

ఇక టైర్ల సంగతి. సెకండ్ హ్యాండ్‌వి. అమ్మినతను "లోపల జర సీలెంట్ ఉంటది అన్నా, బట్టతోని తుడిస్తే పోతది" అన్నాడు. తమరి ఆయుష్షు రెండు నుంచి ఆరు నెలలని కంపెనీల వాళ్ళు రాస్తారు. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ ఆరు అనే అంకె మీద ఆశ పెట్టుకోకూడదు. ఆరిపోయాక పాతది తీసి కొత్తది పోయాలి కదా, ఎవరు తీస్తారు? వాల్వ్‌లోంచి మరో 60 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. అదీ ఆరుతుంది. దాని మీద మళ్ళీ 60. అలా పొర మీద పొరగా తమరు తరతరాల ఆస్తి కూడబెట్టారు. యాభై గ్రాములు తేలికైన టైరు కోసం వేలు తగలేసే మా జాతి, లోపల అంతకు మించిన బరువుని చల్లగా మోసుకు తిరుగుతోంది.

ఆ ఆస్తిని జప్తు చెయ్యడానికే నేను కూచున్నాను. పూర్తిగా ఆరిన చోట తమరు మర్యాదస్తులే. పెనం మీద దోసె అంచులా ఒక కొస లేస్తుంది, మెల్లగా లాగితే వస్తుంది, ఇక ఈ రోజు నాదే అనిపిస్తుంది. జానెడు వచ్చాక పుటుక్కుమంటుంది. అక్కణ్ణుంచి బొటనవేలితో రుద్ది రుద్ది, చిన్న చిన్న ఉండలు చేసి రాల్చుకోవాలి. బండి నెలల తరబడి ఒకేచోట నిలబడితే తమరంతా అడుగుకి చేరి మడుగు కడతారు కదా, అక్కడ పైన చర్మం, కింద పిండి, మధ్యలో చీమిడి. మూడింటికీ మూడు రకాల సేవలు. పాత ఏటీఎం కార్డుతో గీకితే చీమిడి వచ్చింది, చర్మం రాలేదు. సబ్బు కలిపిన వేణ్ణీళ్ళలో నానబెడితే చర్మం ఊడింది, పిండి నాతోనే ఉండిపోయింది.

మూడో అంతస్తు అంకుల్ "పెట్రోలు పొయ్యి బాబూ, నిమిషంలో పోద్ది" అన్నారు. నిజమే, ఆ తర్వాత టైరూ పోద్ది. తమరిదీ టైరుదీ ఒకే రబ్బరు వంశం కాబట్టి, తమరిని లొంగదీసే ద్రావకమేదీ టైరుని క్షేమంగా వదలదు. థిన్నరూ అంతే. వైరు బ్రష్షు పెడితే లోపలి దారాలు లేచిపోతాయి. దొంగని పట్టుకోవాలంటే ఇల్లు తగలబెట్టాలి, అదీ తమరు చేసుకున్న ఏర్పాటు. లోపలి పలుచటి పొరని పోనీలే అని వదిలెయ్యొచ్చు గానీ, రిమ్ముని పట్టుకునే అంచు దగ్గర ఒక్క గడ్డ మిగిలినా టైరు కూచోదు, గాలి నిలవదు. తమరికి ఆ అంచంటేనే మక్కువ.

ఇవన్నీ క్షమిస్తాను. వాల్వ్ సంగతి మాత్రం క్షమించను.

మొన్నామధ్య పంపు తగిలించి ఒక్క దెబ్బ కొట్టగానే మీటరు ముల్లు ఎగిరి గంతేసింది. ఆహా, ఎంత గాలి అనుకుంటూ టైరు నొక్కితే, మెత్తగా ఉంది. గాలి పంపులోనే ఉంది, లోపలికి దారి లేదు. ప్రెస్టా అనే సన్నటి సైకిల్ వాల్వ్ లోపలి పిన్నుని కీతో విప్పి చూస్తే తమరు! అగ్గిపుల్ల కూడా దూరని ఆ సందులో కాళ్ళు చాపుకుని పడుకున్నారు. ముల్లు చేసిన బెజ్జాన్ని మూస్తానని కదా వచ్చావు? ముల్లు బెజ్జం అక్కడ బుస్సుమంటూ ఉంటే నీకు వినపడదు, గాలి కొట్టుకోవడానికి ఉన్న ఒకే ఒక్క బెజ్జం మాత్రం ఊరికే కనపడింది! అక్కడ కాపలా ఎవడు కాయమన్నాడు నిన్ను? పిన్నీసుతో పొడిస్తే లోపలికి పోతావు, ఊదితే మూతి మీదికొస్తావు, కొత్త పిన్ను వేస్తే నెల తిరక్కుండా దానికీ తాళం వేస్తావు. సిగ్గుండాలి! మూయమన్నది మూయవు, మూయొద్దన్నది మూస్తావు, గవర్నమెంటు ఉద్యోగంలో చేరకపోయావా?

సరే. సగం తేలిన టైరుని పూర్తి చేశాను. కడిగి, తుడిచి, ఆరబెట్టి, బాల్కనీలో వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. లోపల నల్లగా, నున్నగా, షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. తీరా చూస్తే అక్కడక్కడా సూదిమొన లాంటి వెలుగు చుక్కలు. ఒకటి కాదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. పాత యజమాని తొక్కిన ముళ్ళన్నీ అవి. ఒక్కొక్క దాంట్లో నువ్వు బిరడాలా కూచుని, ఎవరికీ చెప్పకుండా గాలి ఆపుతూ వచ్చావన్నమాట. వాటినే నేను మధ్యాహ్నమంతా పట్టుదలగా పీకి చెత్తబుట్టలో పోశాను.

ఈ మాట ముందే చెప్పి చావొచ్చుగా!

కొత్త సీసా మూత తీశాను. "బాగా కుదిపి వాడవలెను" అని రాసి ఉంది, చేతులు నొప్పెట్టేదాకా కుదిపాను. ఈ టైరులో 60 మిల్లీలీటర్లు పోస్తున్నాను. వెలుగు చుక్కలు ఎక్కడున్నాయో సుద్దముక్కతో టైరు మీద గుర్తులు కూడా పెట్టాను, అటు వెళ్ళు. వాల్వ్ వైపు నీకు పనేం లేదు.

ఇట్లు,
పంపు పట్టుకుని నిలబడ్డ నీ కస్టమరు