చేతి కాటా గారికి, తెనాలి అత్తగారు రాయునది

మహారాజశ్రీ చేతి కాటా గారికి,

ఉభయకుశలోపరి. మేము అమెరికాలో అమ్మాయి ఉండే మిన్నియాపొలిస్ క్షేమంగా చేరాం. మీరూ చేరారు, ఆ సంగతి తర్వాత.

మీరు మా ఇంటికొచ్చింది నవంబర్‌లో. సబ్బు పెట్టె అంత అట్టపెట్టెలోంచి మా ఆయన ప్రయాణం పెట్టెలు తూచే మిమ్మల్ని తీసి, మీ కొక్కేనికి గోంగూర సంచి తగిలించి, "చూశావా, 1.34 కిలోలు" అన్నారు, తానే కన్నంత మురిపెంగా. అప్పటిదాకా మా వంటింట్లో ఉన్న కొలతలు చిటికెడు, చారెడు, గుప్పెడు, ఇంకాస్త. వాటితోనే ఇన్నేళ్లు సంసారం నడిపాను. ఒక్కరోజూ ఎవరూ పాయింటు తర్వాత ఎంత అని అడగలేదు.

అమ్మాయికి జనవరిలో పురుడు. తెనాలిలో ఒంటికి హాయిగా ఉండేదే చలికాలం ఆ మూడు నెలలు. వాటిని వదిలేసి, సున్నాకి పది డిగ్రీలు కిందికి పోవడం మామూలైన ఊరికి ప్రయాణం. సంక్రాంతికి అల్లుడు అత్తారింటికి రావడం ఆచారం. ఇప్పుడు అత్తారిల్లే పెట్టెకు 23 కిలోల చొప్పున అల్లుడి దగ్గరికి వెళ్తోంది, ఏం చేస్తాం. మనిషికి రెండు పెట్టెలు. ఖాళీ పెట్టెలే నాలుగూ కలిపి పదిహేడు కిలోలు తూగాయని మొదటి రోజే కబురు చెప్పింది మీరే. శుభం పలకరా అంటే అన్నట్టు.

ఇక రూల్సు మా ఆయన చదివి వినిపించేవారు. చేతిసంచిలో పొడి 350 మిల్లీలీటర్లు దాటితే అమెరికా వాళ్లు విప్పి చూస్తారట. పచ్చడి వాళ్ల లెక్కలో ద్రవం. ఆవకాయని ద్రవం అన్నవాడు దాన్ని ఎన్నడూ కలుపుకుని ఉండడు. పచ్చి కరివేపాకు అసలు పనికిరాదు, నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోసే పురుగు దాని మీద ఉంటుందట. సరే, వేయించి పొడి కొట్టాను. ఆ పురుగు మా పొడి తిని బతికితే దానికి దండం పెట్టాలి.

వారం రోజులు పొయ్యి ఆరలేదు. బాలింతకి శొంఠి పొడి, వెల్లుల్లి కారం, కంది పొడి. కడిగిన గోంగూర ఫ్యాను కింద పాత చీర మీద తడి లేకుండా ఆరబెట్టి, నూనెలో మగ్గబెట్టాను. సున్నుండలు. ఆఖరున అరిసెలు, పండగ అక్కడే కాబట్టి.

మీ మీద నాకు అసలు కోపం అరిసెల దగ్గరే. కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం, తడి పిండి ఆరిపోకుండా గిన్నెలో అదిమి పెట్టాను. పాకం పొంగుతోంది. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కట్టాలి. కట్టకముందు దించితే అరిసె నూనెలో విచ్చుకుపోతుంది. దాటాక దించితే పళ్ల డాక్టరుకి లాభం. సరిగ్గా చుక్క వేసి చూస్తున్న క్షణంలో హాల్లోంచి, "కంది పొడి 1.12 ఉంది, కాస్త తగ్గిద్దామా?" అని కేక. "ఏవండీ, పాకం!" అని నేను. ఆ ఒక్క మాట అనేలోపే ముదిరిపోయింది. ఆ వాయి అరిసెలతో మేకులు కొట్టుకోవచ్చు. మీరేమో హాల్లో కొక్కేనికి వేలాడుతూ కుయ్ మన్నారు.

బయల్దేరే ముందు రాత్రి సంగతి మీకు తెలియనిదా. ఆయన పెట్టె పైకెత్తడం, మీ అంకెలు 23.8, 24.6, 24.1 అని గంతులేయడం, ఆయన మొహం కందగడ్డ కావడం. స్వెట్టరా, కారమా అన్న ప్రశ్న వచ్చింది. మంచు కురిసే ఊరికి వెళ్తూ స్వెట్టర్లు బయటికి తీసిన వాళ్లం మేమే అయ్యుంటాం. ఒంటి మీద ఉన్నదానికి తూకం లేదు కదా! శంషాబాద్‌లో మా ఆయన రెండు స్వెట్టర్లు, పైన ఓ చలికోటు వేసుకుని, జేబుల్లో చేగోడీలతో నడుస్తుంటే, జ్వరమేమోనని సెక్యూరిటీ అబ్బాయి కుర్చీ చూపించాడు.

స్వెట్టర్లు తీసినా ఆ రాత్రి మీకు చాల్లేదు. ఇంకా ఎక్కువే అన్నారు. అరిసెల డబ్బా ఒకటి, చెక్కల డబ్బా ఒకటి తీసి పక్కింటావిడ చేతిలో పెట్టాను. తీరా విమానాశ్రయం కౌంటర్లో పెట్టెలు ఎక్కిస్తే 22.4, 22.3, 22.5, 22.2. నాలుగింట్లో కలిపి రెండు కిలోలకు పైగా మిగిలింది! ఆ రెండు కిలోలు పక్కింటి వాళ్లు టీలో ముంచుకుని తిన్నారు. అందులో ఆ గట్టి వాయి లేదని కూడా మనవి. అది మాతోనే వచ్చింది.

ఇక్కడికొచ్చి మీ పీడ వదిలిందనుకున్నాను. మొదటి రోజు అరిసె పళ్లెంలో పెట్టి ఇస్తే, అల్లుడుగారు "థాంక్సండీ అత్తయ్యగారూ" అని, ఫ్రిజ్ పక్కనుంచి గాజు పలక ఒకటి లాగి, దాని మీద అరిసె పెట్టారు. 48 గ్రాములట. ఫోన్లో ఎక్కించుకుని, సగం విరిచి, మిగతా సగం మూతపెట్టి దాచారు. తూకంతో సహా ఇన్ని వేల మైళ్లు మోసుకొచ్చింది మీ చుట్టం ముందు పెట్టడానికా! అల్లుడు కాబట్టి పళ్లు బిగబట్టి నవ్వాను. కొడుకైతే వేరే మాట.

దేవుడున్నాడు. మూడో నాడు ఆ గాజు పలక బ్యాటరీ అయిపోయింది. బయట మంచు, కొనడానికి ఎవరూ వెళ్లలేదు. ఆ రెండు రోజులు అల్లుడుగారు పూటకి రెండు అరిసెలు, నడుమ ఓ సున్నుండ, లెక్కాపత్రం లేకుండా తిన్నారు. నాకెంత నిద్ర పట్టిందో.

మా ఆయనకి ఏం తోచిందో, పెట్టె అడుగునుంచి మిమ్మల్ని తీసి, మీ బ్యాటరీలు రెండూ ఊడదీసి దానికి వేశారు. సరిగ్గా సరిపోయాయి. సున్నుండ 31 గ్రాములట.

ఇట్లు,
తెనాలి అత్తగారు