వేసవి ప్రయాణం ఏటా ఒకే చోటికి ఎందుకు?

తెలుగు ఇళ్లలో పిల్లల్ని వెంటబెట్టుకుని చేసే తొలి దూరప్రయాణం చాలామందికి విహారయాత్ర కాదు, మొక్కు. పుట్టువెంట్రుకలు తీయించడానికి ఏడాది లోపో మూడో ఏటో తిరుమల కల్యాణకట్టకు వెళతాం, లేదంటే ఇంటి ఇలవేల్పు ఏ కొండ మీద ఉంటే ఆ కొండకు వెళతాం. పలక పట్టే వయసు రాగానే అక్షరాభ్యాసానికి బాసర ప్రయాణం కడతాం. అంటే మన కుటుంబాల్లో ప్రయాణానికి ముహూర్తం పెట్టింది పెద్దల సరదా కాదు, పిల్లల ఎదుగుదలే. బడులు వచ్చాక ఆ ప్రయాణాలన్నీ వేసవి సెలవుల్లోకి సర్దుకున్నాయి. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చారు. లెక్కిస్తే 49 రోజులు. అందులో తల్లిదండ్రులకు దొరికే సెలవు, చేతిలో ఉన్న డబ్బు, ఎండ తీవ్రత, రైలు టికెట్లు అన్నీ కుదిరి ఇల్లంతా కలిసి బయటికి వెళ్లగలిగేది అయిదారు రోజులు మాత్రమే.

ఆ అయిదారు రోజులకు ఏటా ఒక కొత్త చోటు వెతుక్కోవడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ఒక ఏడు ఊటీ, ఇంకో ఏడు అరకు, మరో ఏడు విమానమెక్కి వెళ్లే ఏదో ఒక దేశం. అది తప్పని నేననను. కానీ ఎన్ని కొత్త ఊళ్లు చూసినా, ఏడాదికి ఒక్క ప్రయాణమైనా వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లాలని, అదీ అదే దారిన వెళ్లాలని నా అభిప్రాయం. భక్తి ఉన్నవారికి అది గుడి కావచ్చు, లేనివారికి ఒక చెరువు గట్టో సముద్రపు ఒడ్డో అమ్మమ్మగారి ఊరో కావచ్చు. పిల్లలు ఎదగడం మన కంటికి ఆనాలంటే ఎదగని వస్తువు ఒకటి పక్కన ఉండాలి.

దీనికి కారణం శరీరధర్మంలోనే ఉంది. నాలుగైదేళ్ల వయసు నుంచి యుక్తవయసు మొదలయ్యే దాకా పిల్లలు ఏడాదికి సుమారు అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. నెలకు అర సెంటీమీటరన్న మాట. పొద్దున లేపి, జడ వేసి, బడికి పంపి, రాత్రి దుప్పటి కప్పే మనిషికి ఆ అర సెంటీమీటరు కనిపించే ప్రశ్నే లేదు. ఏడాదికోసారి చూసే అమ్మమ్మకు మాత్రం గుమ్మంలోనే తెలిసిపోతుంది. మా అమ్మ అయితే మా అమ్మాయి మొహం కంటే ముందు గౌను అంచు చూసేది. పోయినేడు తను కుట్టించిన గౌను మోకాళ్ల పైకి ఎంత వచ్చిందో ఆవిడకు ఇట్టే తెలిసిపోయేది. "ఎంత పొడుగైపోయిందో చూశావా అమ్మా" అని నేనంటే, "ఊరుకోవే, పైకి అనకూడదు" అని మందలించి, సాయంత్రానికల్లా ఉప్పూ ఎండుమిరపకాయలూ చేతబట్టుకుని దిష్టి తీసేది. ఎదుగుదలను అందరికంటే ముందు గమనించి, దాన్ని నోటితో అనడానికి భయపడే ఆ అలవాటులో ఎంతో ఎరుక ఉందనిపిస్తుంది నాకు. అంత విలువైనదాన్ని చూశామని ఆవిడకు తెలుసు.

రోజూ పక్కనే ఉండే మనకు ఆ అమ్మమ్మ చూపు రావాలంటే ఒక్కటే దారి. ఏడాదికోసారి ఒకే చోట నిలబడి పిల్లల్ని చూడాలి.

మా ఇంట్లో ఆ చోటు అలిపిరి మెట్లదారి. పాదాల మండపం దగ్గర మొదలై కొండ మీదికి చేరేసరికి 3,550 మెట్లు. మా అమ్మాయి 2012 జూన్‌లో పుట్టింది. పుట్టువెంట్రుకలకు 2015 మే నెలలో, మూడో ఏట, తొలిసారి ఆ దారిన తీసుకువెళ్లాం. నడిచిన మెట్లు పదో పదిహేనో, మిగతావన్నీ మావారి భుజం మీదే. 2017లో గాలిగోపురం దాకా ఆగుతూ ఆగుతూ నడిచింది, అక్కడి దుకాణాల ముందు కూలబడి ఇక రానంది. 2019లో మెట్లు లెక్కపెడతానని మొదలుపెట్టి, మూడు వందలు దాటాక లెక్క తప్పి, ఏడ్చి, తర్వాత లెక్క మానేసి మొత్తం దారి నడిచింది. ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గరికి వచ్చేసరికి నా చేయి పట్టుకోవడం మరిచిపోయింది. మళ్లీ మోకాళ్ల మిట్ట దగ్గర నిట్టనిలువు మెట్లు చూసి తనే వచ్చి పట్టుకుంది. ఏ ఏడాది ఏ మెట్టు దగ్గర ఆ చేయి వదిలిందో, ఎక్కడ మళ్లీ అందుకుందో నేను ఇప్పటికీ చెప్పగలను. తన ఎత్తు, బరువు రాసుకున్న డాక్టరు కార్డు ఎక్కడో పోయింది. ఈ లెక్క మాత్రం పోలేదు.

తర్వాత రెండు వేసవులు లేవు. 2020 మార్చి 20 నుంచి తిరుమలలో దర్శనాలే ఆపేశారు, జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినా చిన్నపిల్లలతో బయలుదేరే ధైర్యం ఎవరికి ఉంది? 2021 వేసవి అంతకంటే దారుణంగా గడిచింది. ఆ రెండేళ్లు పిల్ల ఇరవై నాలుగు గంటలూ నా కళ్లముందే ఉంది, ఆన్‌లైన్ పాఠాలకు పక్కనే కూర్చున్నాను, మూడు పూటలా కలిసే తిన్నాం. అయినా 2022 మే నెలలో అలిపిరి దగ్గర నిలబడినప్పుడు నేను నిజంగా ఉలిక్కిపడ్డాను. 2019లో నా నడుముకు వచ్చే పిల్ల ఇప్పుడు నా ఛాతీ దగ్గర ఉంది. నీళ్ల సీసాలున్న సంచి అడగకుండానే తన భుజానికి తగిలించుకుంది. అంతకాలం అంత దగ్గరగా ఉండి కూడా నేను చూడనిది, పాత మెట్టు మీద అడుగు పెట్టిన క్షణంలో కనిపించింది. కలిసి ఉండటం వేరని, చూడటం వేరని నాకు అప్పుడే అర్థమైంది.

మెట్లొక్కటే కాదు, అక్కడికి చేర్చే రైలు కూడా ఒక కొలబద్దే. అయిదేళ్ల లోపు పిల్లలకు బెర్తు లేకుండా ఉచితం, కాబట్టి ఆ వయసు పిల్ల తల్లి పక్కనే, కింది బెర్తులో గోడవైపు ఒదిగి పడుకుంటుంది. ఆ తర్వాత మధ్య బెర్తు, తల్లికి రాత్రంతా కలత నిద్ర. ఇంకో మూడు నాలుగేళ్లకు పై బెర్తు నాదంటే నాదని పేచీ. ఇదివరకు అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు సగం ఛార్జీకే పూర్తి బెర్తు ఇచ్చేవారు. 2016 ఏప్రిల్ నుంచి ఆ వయసు పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పెద్దల ఛార్జీ కట్టాల్సిందే. సమాచార హక్కు చట్టం కింద అడిగితే వచ్చిన జవాబు ప్రకారం ఈ ఒక్క మార్పు వల్ల ఏడేళ్లలో రైల్వేకు సుమారు 2,800 కోట్ల రూపాయల అదనపు ఆదాయం వచ్చింది. ఇద్దరు పిల్లలున్న దిగువ మధ్యతరగతి కుటుంబం వేసవిలో బయలుదేరాలా వద్దా అని తేల్చుకునేది సరిగ్గా ఇలాంటి లెక్కల దగ్గరే. వృద్ధుల రాయితీ గురించి జరిగినంత చర్చ ఈ పిల్లల టికెట్టు గురించి జరగలేదు. జరగాల్సింది.

కొత్త చోట్లకు వెళ్లడం పిల్లలకు లోకజ్ఞానం ఇస్తుందన్న వాదన నాకూ సమ్మతమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సెలవు ప్రయాణ రాయితీ (ఎల్‌టీసీ) నిబంధనల్లో కూడా నాలుగేళ్ల కాలానికి ఒక ప్రయాణం దేశంలో ఎక్కడికైనా, మరొకటి సొంత ఊరికి వెళ్లే వీలు పెట్టారు. ఆ రెండూ కావాలన్నది మంచి ఆలోచన. అయితే కొత్త చోట మన కళ్లు చోటు మీదే ఉంటాయి. హోటలు గది, టికెట్ల వరుస, చూడాల్సినవాటి జాబితా, ఫోన్లో ఫొటోలు. పిల్లలు ఆ ఫొటోల్లో ముందు నిలబడే ఉంటారు గానీ, మనం చూసేది వెనకనున్న కొండను. తెలిసిన చోట చూడటానికి కొత్తగా ఏమీ ఉండదు, కాబట్టి చూపు పిల్లల మీదికే మళ్లుతుంది.

చేయి వదలడం గురించి పైన రాశాను. అది అంత తేలిక విషయం కాదు. 2023 ఆగస్టులో అదే అలిపిరి దారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది. తల్లిదండ్రులతో కలిసి కొండెక్కుతున్న పిల్ల. ఆ తర్వాత టీటీడీ మధ్యాహ్నం రెండు గంటల తర్వాత పిల్లలతో నడకదారిన వెళ్లడంపై ఆంక్షలు పెట్టింది. ఆ వార్త చదివిన రోజు నాకు మా పిల్ల చేయి మరిచిన ఏడో మైలు గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం, తెల్లవారుజామునే మొదలుపెట్టాం, పన్నెండేళ్లకు దగ్గరపడుతున్న పిల్లను అడుగు దూరం కూడా కదలనివ్వలేదు. తను విసుక్కుంది. ఆ విసుగు న్యాయమైనదే, నా భయమూ న్యాయమైనదే.

ఇక ఈ ప్రయాణాలు ఎన్నాళ్లు సాగుతాయన్న ప్రశ్న. ఇక్కడే నాకు ఎక్కువ బాధ, కొంత కోపం కూడా. తెలుగు నాట పిల్లల బాల్యం ముగిసేది పద్దెనిమిదేళ్లకు కాదు, పదో తరగతితో. పది పరీక్షలు అయీ కాకముందే ప్రైవేటు జూనియర్ కళాశాలలు బ్రిడ్జి కోర్సని పిలుస్తాయి. వేసవి సెలవుల్లో తరగతులు నడపవద్దని ఇంటర్ బోర్డులు హెచ్చరికలు జారీ చేస్తూనే ఉంటాయి, హాస్టళ్ల గేట్ల వెనక తరగతులు నడుస్తూనే ఉంటాయి. ఇంటర్ రెండో ఏడు అయ్యాక మే నెలంతా పరీక్షలే. నీట్ మొదటి ఆదివారం, ఆ వెంటా ముందూ ఎప్‌సెట్, జేఈఈ అడ్వాన్స్‌డ్. ఇవన్నీ తీసేస్తే, పిల్లకు ఊహ తెలిసిన నాటి నుంచి పది దాకా కుటుంబానికి దక్కేది పదీ పన్నెండు వేసవులు. అందులో కరోనా రెండు తీసుకుంది. ఎనిమిది, తొమ్మిది తరగతులకే ఫౌండేషన్ కోర్సని మరో రెండు తీసుకునే బడులు ఉన్నాయి. చదువు వద్దని ఎవరూ అనరు. కానీ 49 రోజుల్లో ఒక వారాన్ని పిల్లలకూ పెద్దలకూ వదిలిపెడితే ఏ ర్యాంకూ తారుమారు కాదని చెప్పే తల్లిదండ్రులు ప్రతి బడిలో పదిమంది ఉంటే, ఆ తరగతులు ఇంత ధీమాగా నడవవు.

గురుకులాల్లో చదివే పిల్లల తల్లిదండ్రుల గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. అయిదో తరగతిలో చేరిన పిల్ల ఏడాదిలో ఎక్కువ భాగం వసతి గృహంలోనే ఉంటుంది. దసరాకో సంక్రాంతికో కొన్నాళ్లు, మళ్లీ వేసవిలో ఇంటికి వస్తుంది. ఆ తల్లికి ఏటా అమ్మమ్మ చూపే, ప్రతి సెలవుకీ ఉలికిపాటే. ఆ ఇళ్లకు వేసవి ప్రయాణమంటే హాస్టలు నుంచి ఇంటికి పెట్టె మోసుకుంటూ బస్సులో రావడం. ఆ పెట్టె ఏ ఏడు తండ్రి మోశాడో, ఏ ఏడు నుంచి పిల్లే మోస్తోందో ఆ ఇంట్లో అందరికీ గుర్తుంటుంది.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలది మరో చిక్కు. న్యూజెర్సీలో బడులు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. అక్కడి పిల్లలు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దిగేసరికి ఇక్కడి బడులు జూన్ 12న తెరిచేసి ఉంటాయి. మే చివరికే సెలవులిచ్చే టెక్సాస్ పిల్లలకు కూడా ఇక్కడి పిల్లలతో కలిసి గడపడానికి మిగిలేది పది రోజులే. మా అన్నయ్య పిల్లలు, మా అమ్మాయి ఒకరినొకరు చూసుకునేది ఎక్కువగా ఫోన్లోనే. ఫోన్లో మొహం కనిపిస్తుంది, ఎత్తు కనిపించదు. అన్నయ్య పెద్ద కొడుకు నా కంటే జానెడు ఎత్తని, నేను తల ఎత్తి మాట్లాడాలని నాకు విమానాశ్రయంలో తెలిసింది. మా అమ్మ ఇప్పుడు ఉండి ఉంటే దిష్టి తీయడానికి స్టూలు ఎక్కాల్సి వచ్చేది.

2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. మే ప్రయాణానికి మార్చిలోనే, సరిగ్గా పరీక్షల మధ్య, పొద్దున ఎనిమిదింటికి సిద్ధంగా కూర్చోవాలి. ఈ ఏడు ఆ పని నువ్వు చేయలేవులే అమ్మా అని మా అమ్మాయే ఫోను తీసుకుంది. ప్రయాణికుల పేర్లు, వయసులు వరసగా నింపింది. తన వయసు దగ్గర పదమూడు అని కొట్టి, తనకు పై బెర్తు ఎంచుకుంది. నా పేరు దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగి, నన్ను ఏమీ అడక్కుండానే లోయర్ బెర్తు మీద వేలు పెట్టింది.