మక్కచేను కలుపుకు కొత్త విత్తనమే దిక్కా?

జడ్చర్ల దగ్గరి మా మండలంలో ఈ వానాకాలం ఒక దుకాణదారు ముద్ర లేని సంచి ఒకటి చూపించి, "గడ్డిమందు కొట్టినా ఈ మక్కకేం కాదన్నా, కలుపొక్కటే మాడిపోతది" అని గొంతు తగ్గించి చెప్పాడు. మన దేశంలో ఏ జన్యుమార్పిడి మక్కకూ సాగు అనుమతి లేదని అతనికి తెలియక కాదు. నేను కొనలేదు, కానీ ముసురు పట్టి గుంటుక దిగని రోజుల్లో తుంగ, గరిక మొలకలను కమ్మేస్తుంటే, పత్తి చేలకు పోయిన కూలీల కోసం ఇంటింటికీ తిరిగినవాణ్ణి గనుక, కొన్నవారిని తిట్టడానికి నాకు నోరు రాదు.

అయితే గడ్డిమందుల్లో ఒకటైన అట్రజిన్‌ను తనలోనే విరిచేసుకునే గుణం మామూలు మక్కకు పుట్టుకతోనే ఉంది. విత్తిన రెండు రోజుల్లోపు, నేలలో పదును ఉండగా కొడితే వెడల్పాకు కలుపు చాలావరకు నిలవదు. (కంది అంతర పంటగా వేసినవారు మాత్రం దాని జోలికి పోకూడదు.) ఆ అదను తప్పినా, ఇరవై రోజుల పైరులో, కలుపు మూడు నాలుగు ఆకుల మీదున్నప్పుడు, ఎకరానికి 115 మి.లీ. టెంబోట్రయాన్ అనే మరో గడ్డిమందు ఉంది. మా చేనులో అది కొట్టిన నాలుగో రోజుకు గడ్డి మొవ్వులు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి, పక్కనే మక్క ఆకు పచ్చగానే నిలిచింది. మనమేమో పురుగుమందు కొట్టే నాజిల్‌తోనే, 200 లీటర్ల నీళ్లు పట్టాల్సిన ఎకరాన్ని ఆరు ట్యాంకులతో ముగించి, అదీ ఎండిన దుక్కి మీద కొట్టి, మందు నకిలీదంటాం.

అమెరికాలో, పచ్చని మొక్క ఏదైనా మాడ్చే గడ్డిమందు గ్లైఫోసేట్‌ను తట్టుకునే మక్క 1998 నుంచి సాగులో ఉంది. సోయా, పత్తి, మక్క అన్నింటి మీదా ఏటేటా ఆ ఒక్క మందే కొట్టగా, 2005 నాటికి జార్జియా పత్తి చేలలో దానికి చావని తోటకూర జాతి కలుపు బయటపడింది. ఆ తర్వాత అక్కడి రైతులు కూలీలను పెట్టి చేత్తో పీకించుకోవలసి వచ్చింది. వందల ఎకరాల కమతాలున్నవారికే అంత తిప్పలైతే, గట్టు దాటితే పక్కవాడి కంది చేను ఉండే మనకు, గాలికి కొట్టుకుపోయే మందుతో తగవులు కూడా తప్పవు. పైగా 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్ వాడకాన్ని చీడల నివారణ నిర్వాహకులకే పరిమితం చేసింది.

గడ్డిమందు కొట్టడానికి పనికొచ్చే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ కోసం మా మండలంలో నాలుగు దుకాణాలు తిరిగాను, ఒక్కచోటా దొరకలేదు. ముద్ర లేని ఆ సంచి మాత్రం నేను అడగకముందే బల్ల మీదికి వచ్చింది.