మళ్లీ వచ్చింది ఆ ఏడు పాయింట్ల మెసేజ్

కాలనీ గ్రూపులో ఒకసారి, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకసారి, ఎవరిదో పెండ్లి కోసం పెట్టి ఇంకా మూయని గ్రూపులో మరోసారి. వారంలో మూడుసార్లు అదే మెసేజ్. “పోలీసులు ఇక మీ గుప్పిట్లో! కొత్త చట్టంలోని 7 పాయింట్లు. ప్రింట్ తీసి ఎస్సై టేబుల్ మీద పెట్టండి, ఏం చేస్తాడో చూడండి.” కింద నాలుగు సైరన్ బొమ్మలు. “హైకోర్టు సీనియర్ లాయర్” అని సంతకం, పేరు మాత్రం లేదు.

ఏం చేస్తాడో నేను చెప్తా. చదివి నవ్వుతాడు. అందులో ఏది తప్పో ఆయనకు తెలుసు, పట్టుకొచ్చినవాళ్లకు తెలియదు. ఆ తర్వాత మీరు చెప్పే అసలు గోడు కూడా ఆ కాగితం లెక్కనే కనబడుతుంది.

చిల్లరవి ముందు అవతల పెడదాం. ఐదో పాయింటు: “మానం మీదికి వచ్చినవాణ్ని చంపినా ఐపీసీ 233 ప్రకారం ఆడపిల్ల మీద కేసు ఉండదు.” ఐపీసీ 233 దొంగ నాణేలు తయారుచేసే పనిముట్ల గురించి. పైగా ఆ ఐపీసీయే 2024 జూలై 1 నుంచి లేదు. ఆత్మరక్షణ హక్కు ఉంది, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 38వ సెక్షన్ చూడండి. కేసు అసలే ఉండదని అందులోనూ లేదు. ఇక ముందుకు పోదాం.

రెండోది: “జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లో ఇస్తే ఆ స్టేషనే దర్యాప్తు చేయాలి.” సగం నిజం. మేడారం జాతరలో గొలుసు పోయిందనుకోండి, ఇంటికొచ్చాక హనుమకొండలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. “మా పరిధి కాదు, తాడ్వాయి పో” అనడానికి లేదు. జీరో నంబరుతో నమోదు చేసి తాడ్వాయికి పంపాలి. అక్కడ మళ్లీ అసలు నంబరు పడుతుంది, దర్యాప్తు వాళ్లే చేస్తారు. ఎక్కువగా తేడా కొట్టేది ఈ బదిలీ దగ్గరే. జీరో నంబరు రాసుకుని, ఏ తేదీన పంపారో అడిగి, వారం తర్వాత అసలు నంబరు తీసుకోకపోతే కాగితం మధ్యలోనే పడి ఉంటుంది.

మూడోది, ఆడవాళ్లను సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా అరెస్టు చేయరాదన్నది. గడియారం లెక్క కాదు, పొద్దుగూకినప్పటి నుంచి పొద్దుపొడిచే దాకా. అదీ గట్టి నిషేధం కాదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43(5) ప్రకారం ప్రత్యేక పరిస్థితి ఉంటే మహిళా అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి, మెజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకుని అరెస్టు చేయొచ్చు. అడగాల్సింది టైం కాదు, ఆ అనుమతి కాగితం. మెసేజ్‌లో లేనిదీ, రోజూ పనికొచ్చేదీ ఇంకోటుంది: సాక్షిగా ప్రశ్నించాలంటే ఆడవాళ్లను, 60 ఏళ్లు దాటినవాళ్లను స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టరాదు. పోలీసులే ఇంటికి రావాలి. అది 179వ సెక్షన్.

నాలుగోది: “స్టేషన్ సీసీటీవీ ఫుటేజీ ఆర్టీఐ వేస్తే 24 గంటల్లో ఇవ్వాలి.” ఆర్టీఐ గడువు 30 రోజులు. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. 24 గంటలన్నది ఎక్కడా లేదు. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా మన తెలంగాణ రాష్ట్ర కమిషన్‌లో కమిషనర్లే లేకపోయారు, అంటే అన్నాళ్లూ ఆ అప్పీళ్లు వినే దిక్కు లేకపోయింది. ఆ సంగతి మీద ఒక్క ఫార్వర్డూ రాలేదు.

సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2న చెప్పింది ఇంతకంటే గట్టిది. గేటు, లాకప్, వరండా, ఎస్సై గది, వెనక వైపు, ఏ మూలా వదలకుండా కెమెరాలుండాలి. రాత్రి కనబడాలి, మాట కూడా రికార్డు కావాలి. 18 నెలలు దాచాలి, అంత కుదరకపోతే కనీసం ఏడాది. కెమెరా పనిచేయకపోతే బాధ్యత స్టేషన్ అధికారిది. స్టేషన్‌లో చేయి చేసుకున్నారంటే మొదటి పని ఫుటేజీ అడగడం కాదు, చెరపకుండా కాపాడమని రాసివ్వడం. తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ గది, ఈ మూడూ రాయాలి. “ఆ నెల ఫుటేజీ ఇవ్వండి” అని రాస్తే తిరగ్గొట్టడం సులువు.

ఇక ఒకటో పాయింటు. “ఎఫ్ఐఆర్ తీసుకోకపోతే ఎస్సై అక్కడికక్కడే సస్పెండ్, ఏడాది జైలు.” అక్కడికక్కడే అంటే ఎవరు చేస్తారన్నా, హోంగార్డా?

ఏడాది జైలన్నది గాలిలోంచి రాలేదు, అది ఒప్పుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ కింద, కావాలని విధి తప్పిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. న్యాయ సంహిత 199 కింద ఇంకా ఎక్కువ: అత్యాచారం, యాసిడ్ దాడి, మనుషుల అక్రమ రవాణా లాంటి కొన్ని నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయకపోతే ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా కఠిన శిక్ష. ఈ లెక్కన మెసేజ్ తక్కువ చెప్పింది. కానీ బైకు పోయిన కేసుకు ఇవేవీ వర్తించవు. ఎస్సై ఆగుదామంటే ప్రతిసారీ తప్పూ కాదు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు కొత్త చట్టమే ఇచ్చింది. మన వరంగల్ కమిషనరేట్‌లో ఆ హోదా ఏసీపీది. కాబట్టి “ఎంక్వయిరీలో ఉంది” అంటే “ఏసీపీ అనుమతి ఏ తేదీది?” అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే ఎంక్వయిరీ కూడా లేనట్టే.

పొలం హద్దు పంచాది అయితే, “ఇది సివిల్, కోర్టుకు పో” అన్న ఎస్సై మాట కరెక్టు. తలదూరిస్తేనే తప్పు. కానీ గుంపుగా కర్రలతో వచ్చి కొట్టినా, దొంగ సంతకంతో మీ భూమి అమ్మేసి మోసం చేసినా అది సివిల్ కాదు. ఫిర్యాదులో హద్దు చరిత్ర మూడు పేజీలు రాసి, దెబ్బల సంగతి చివరి లైనులో పెడితే చదివినాయన సివిల్ అనే అంటాడు. దెబ్బలు ముందు రాయండి.

పని జరిగే దారి ఇది. ఫిర్యాదు రెండు ప్రతులు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు. సెక్షన్లు రాయొద్దు, అది వాళ్ల పని. రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ. “పిటిషన్ తీసుకున్నాం” అని ఇచ్చే రసీదు ఎఫ్ఐఆర్ కాదు. నంబరు, సంవత్సరం, సెక్షన్లు ఉన్నదే ఎఫ్ఐఆర్, దాని కాపీ ఉచితం. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి, లేదంటే అది నమోదు కాదు.

తీసుకోకపోతే అదే విషయం ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపాలి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వాళ్లకు ఎస్పీ ఉన్నారు. వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాలు కమిషనరేట్ కిందివి కాబట్టి డీసీపీకి రాసి, కాపీ కమిషనర్‌కు పెట్టాలి. పోస్టు రసీదు, అందినట్టు రుజువు దాచాలి. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టులో సురక్షా సంహిత 175(3) కింద దరఖాస్తు, దానికి ప్రమాణపత్రం (అఫిడవిట్). చాలామంది నేరుగా మూడో మెట్టుకు పోతారు. ముందు రెండు మెట్ల రసీదులు లేకపోతే అక్కడే తిప్పి పంపుతారు. లొల్లి పెట్టి వట్టి చేతులతో ఇంటికొస్తే ఎనిమిది రోజుల తర్వాత మీరు స్టేషన్‌కు పోయినట్టు సాక్ష్యమే ఉండదు.

ఆరో పాయింటు దగ్గర నేను తడబడ్డాను. “ఎస్సై పోస్టింగు ఎమ్మెల్యే లెటర్ మీదే వస్తుంది. కాబట్టి ఫిర్యాదు స్టేషన్‌లో కాదు, క్యాంపు ఆఫీసులో ఇవ్వండి.” మొదటి వాక్యాన్ని కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు. సిఫారసు లేఖల సంగతి ఈ జిల్లాల్లో చాయ్ హోటల్ పిల్లగాడికి కూడా తెలుసు. ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న ఇచ్చిన ఆదేశాలు దీని కోసమే. స్టేషన్ అధికారినీ ఎస్పీనీ కనీసం రెండేళ్లు కదిలించరాదు. డీఎస్పీ దాకా బదిలీలు, పోస్టింగులు డీజీపీ, నలుగురు సీనియర్ అధికారుల బోర్డు చూడాలి. డీజీపీని యూపీఎస్సీ ఇచ్చిన ముగ్గురి జాబితా నుంచి ఎంచాలి. డీఎస్పీ దాకా అధికారుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లాకో అథారిటీ, రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడు. తాత్కాలిక డీజీపీలు వద్దని 2018 జూలైలో అదే కోర్టు మళ్లీ చెప్పింది. 2022 డిసెంబర్ 31న డీజీపీ రిటైరైతే మన రాష్ట్రం ఇన్‌చార్జినే కూర్చోబెట్టింది. ఏ పార్టీ అభిమానీ ఇందులో పక్క పార్టీకి వేలు చూపక్కర్లేదు.

అయితే పోస్టింగులో నాయకుడి చేయి ఉందని ఫిర్యాదు కూడా ఆ చేతికే ఇస్తామా? దొంగ దగ్గరే తాళం చెవి దాచమన్నట్టుంది. క్యాంపు ఆఫీసులో ముద్ర ఉండదు, నంబరు ఉండదు. పీఏ ఫోన్ చేస్తాడు, “చూస్తామన్నారు” అంటాడు. ఆ ఫోను ఏ డైరీలోనూ ఎక్కదు. అవతలి వాడికీ ఒక నాయకుడుంటాడు, వాళ్ల ఫోనూ ఎక్కదు. ఈలోపు దెబ్బలు మానిపోతాయి. కొట్టిన కేసులో ముందు పోవాల్సింది వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి. డాక్టరు మెడికో లీగల్ రిజిస్టర్‌లో రాసిన గాయం ఎవరు ఫోన్ చేసినా మానదు.

ఏడోది చదివాక నవ్వు రాలేదు. “సంస్కరణలు, కమిషన్లు దండగ. 2008లో వరంగల్ చూపించిన దారే దారి. పోలీసులకు ఫ్రీ హ్యాండ్ ఇవ్వండి.”

2008 డిసెంబర్‌లో యాసిడ్ దాడి కేసు నిందితులు ముగ్గురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులకు పూలదండలు వేశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, ఆ ఆడపిల్లలకు జరిగింది తలుచుకుంటే ఎవరికైనా వస్తుంది. కానీ భయం పుట్టించడమే మందయితే 2019 ఎందుకొచ్చింది? ఆ ఏడాది జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాప, నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువుల డాక్టరు, ఇద్దరినీ అత్యాచారం చేసి చంపారు. డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో ఆ డాక్టరు కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోతే మళ్లీ పూలు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని తేల్చింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పింది. పది మంది పోలీసులను హత్యా నేరం కింద విచారించాలంది. 2022లో ఆ నివేదిక బయటికొచ్చింది. ఆ పది పేర్లూ పోలీసులవే. టీవీలో శభాష్ అన్న నాయకుల పేరు ఒక్కటీ లేదు. ఫ్రీ హ్యాండ్ అంటే ఇదే, చేయి కానిస్టేబుల్‌ది, చప్పట్లు నాయకుడివి.

హనుమకొండ పసిపాప కేసును ఈ ఫార్వర్డ్‌లు ఎందుకు మరిచిపోతాయి? జూన్‌లో నేరం, ఆగస్టు 8న వరంగల్ కోర్టు మరణశిక్ష. యాభై రోజులు. నవంబర్‌లో హైకోర్టు దాన్ని బతికున్నంత కాలం జైలుగా మార్చింది. తుపాకీ లేకుండానే అయింది.

వరంగల్ దగ్గరి గొర్రెకుంట సంగతి ఇంకా చెప్పాలి. 2020 మే 21న బావిలో నాలుగు శవాలు. మొదట ఆత్మహత్యలేమో అన్నారు. మరునాడు ఇంకో ఐదు. సీసీ కెమెరాలు, ఫోన్లు, అన్నంలో కలిపిన నిద్రమాత్రలు, ఒక్కొక్కటే పట్టుకుంటూ పోతే అంతకు ముందు మార్చిలో రైల్లో జరిగిన పదో హత్య బయటపడింది. దాన్ని దాచడానికే ఈ తొమ్మిదీ అని తేలింది. అక్టోబర్ 28న మరణశిక్ష. ఆవేశంలో దొరికినవాణ్ని కాల్చేసి ఫైలు మూసి ఉంటే ఆ పదో మనిషి ఏమైందో ఎవరికీ తెలిసేది కాదు.

అన్ని కేసులూ ఇంత వేగంగా తేలవు. టీవీ వాళ్లు రాని ఊళ్లో కేసు ఏళ్లకు ఏళ్లు సాగుతుంది, దాన్ని కాదనను. దానికి కావాల్సింది మరిన్ని కోర్టులు, ఫోరెన్సిక్ నివేదికలు తొందరగా రావడం, దర్యాప్తు చేసే ఎస్సైని బందోబస్తుకు లాగకపోవడం. దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి విడదీయమని 2006 తీర్పులోనే ఉంది. ఎన్‌కౌంటర్ జరిగితే ఏం చేయాలో 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది: ఎఫ్ఐఆర్, సీఐడీ లేదా వేరే స్టేషన్ బృందంతో దర్యాప్తు, మెజిస్ట్రేట్ విచారణ, అనుమానం తీరేదాకా మెడల్సూ ప్రమోషన్లూ వద్దు. ఏడో పాయింటు రాసినాయన దండగన్నది వీటినే.

ప్రింట్ ఇప్పటికే తీసినవాళ్లు పారేయకండి. వెనక వైపు తెల్లగానే ఉంది. తేదీ, టైం, చోటు, ఎవరు, ఏం చేశారు, అన్నీ దాని మీద రఫ్‌గా రాసుకోండి. స్టేషన్‌కిచ్చేది మాత్రం వేరే కాగితం మీద, రెండు ప్రతులు.