ఫిర్యాదు నంబరు 4172

(రాత్రి తొమ్మిదిన్నర. ఆయన అప్పుడే ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచాడు.)

ఆవిడ: ఏమండీ, సాయంత్రం నుంచీ ఆరుసార్లు ఫోన్ చేశాను. మీరెత్తరు. చివరికి మీ కంపెనీ నంబరుకే చేశాను.

ఆయన: మంచి పని చేశావు. ఎవరో ఒకరు ఎత్తే ఉంటారు.

ఆవిడ: ఎవరో అమ్మాయి ఎత్తింది. మా ఆయన ఎప్పుడొస్తారమ్మా అంటే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది. పదిహేనేళ్ల కాపురంలో ఆ మాట మీ నోట ఒక్కసారి వినలేదు!

ఆయన: చూశావా! మనకు చేతకానిది చేతనైన బయటివాళ్లతో చేయించుకోవడమే ఔట్‌సోర్సింగంటే.

ఆవిడ: నాకు నంబరు కూడా ఇచ్చింది, 4172. ఇరవై నాలుగు గంటల్లో నా సమస్య తీరుస్తారట. సరే, ఫోన్లు ఒకరికి, లెక్కలు ఒకరికి, జీతాలు ఒకరికి, వెబ్‌సైట్ ఇంకొకరికి ఇచ్చేశారు కదా. మరి ఈ వేళప్పుడు మీరేం చేస్తున్నట్టు?

ఆయన: వాళ్లు చేసింది సరిచూస్తున్నా.

ఆవిడ: పనంతా మీరే చేసుకునే రోజుల్లో ఎనిమిదింటికల్లా వచ్చేవారు.

ఆయన: నీకు తెలీదులే. రోనాల్డ్ కోస్ అని ఒక ఆర్థికవేత్త, 1937లోనే అడిగాడు: అన్నీ బజార్లో దొరుకుతుంటే అసలు కంపెనీ పెట్టుకోవడమెందుకని. 1991లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది.

ఆవిడ: జవాబేం చెప్పాడు?

ఆయన: (గొంతు తగ్గించి) బజారుకెళ్లడానికీ ఖర్చవుతుందని. మనిషిని వెతకాలి, బేరమాడాలి, ఒప్పందం రాసుకోవాలి...

ఆవిడ: రాత్రి తొమ్మిదిన్నరకి సరిచూసుకోవాలి. అంటే ఆయన నా పక్షమే. సరే, లెక్కలు రాసేవాళ్లకి బ్యాంకు పాస్‌వర్డు ఇచ్చారా?

ఆయన: ఇవ్వకపోతే బిల్లులెవరు కడతారు?

ఆవిడ: కట్టేదీ వాళ్లే, కట్టామని రాసేదీ వాళ్లేనా! చెల్లింపు సిద్ధం చేసిపెట్టడం వాళ్ల పని, ఆఖరి బటన్ నొక్కడం మీ పని. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది.

ఆయన: వాళ్లు దొంగలు కారోయ్!

ఆవిడ: కారనే నేనూ అంటున్నా. తాళాలిచ్చి మీరు తయారుచేయొద్దంటున్నా. పన్నుల కాగితాలు ఆలస్యమైతే నోటీసు ఎవరి పేరున వస్తుంది?

ఆయన: ...నా పేరునే. అయినా పెద్దవాళ్లు చేయట్లేదా? బోయింగ్ వాళ్లు 787 విమానంలో బోలెడు భాగాల్ని బయటే చేయించారు.

ఆవిడ: టైముకి వచ్చిందా?

ఆయన: 2008లో ఇస్తామన్నారు. 2011లో ఇచ్చారు.

ఆవిడ: అయితే మీరే నయం. వెబ్‌సైట్ డొమైన్, అదే దాని చిరునామా, ఎవరి పేరు మీదుంది?

(చాలామంది యజమానులు సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే గొంతు సవరించుకుంటారు. ఈయనా సవరించుకున్నాడు.)

ఆయన: ఆ డిజైనర్ పేరు మీద. నాకు తీరిక లేక... మంచి కుర్రాడేలే.

ఆవిడ: పెళ్లికి ముందు మీరూ మంచి కుర్రాడే! ఇల్లు మనం కట్టుకుని పట్టా వాడికి రాసిచ్చాం. ఒక్కో పనీ ఇచ్చి, రెండు నెలలు చూసి, ఇంకోటి ఇవ్వకూడదూ?

ఆయన: అన్నీ ఒకేసారి వదిలించుకుంటే పీడా పోతుందనుకున్నా. ఏది ఎలా చేయాలో రాసివ్వలేదు, అంతా నా బుర్రలోనే ఉంది. గంటకోసారి వాళ్లు నన్నే అడుగుతున్నారు.

ఆవిడ: పాత ఖాతాదారులు ఫోన్ చేసినా ఆ అమ్మాయే ఎత్తుతుందా?

ఆయన: ఊఁ.

ఆవిడ: మీ గొంతు నమ్మి ఇన్నేళ్లుగా వస్తున్నవాళ్లకి కూడా నంబరేనా?

(ఆయన ల్యాప్‌టాప్ మూశాడు. ఆవిడ ఫోన్ టింగుమంది.)

ఆవిడ: "మీ ఫిర్యాదు 4172 పరిష్కారమైంది. దయచేసి రేటింగ్ ఇవ్వండి."

ఆయన: ఇంటికొచ్చేశాగా, నిజమే మరి!

(ఆవిడ ఒకే ఒక్క నక్షత్రం నొక్కింది. అర నిమిషంలో ఆయన ఫోన్ మోగింది.)

ఆయన: హలో... ఆఁ, ఓనర్నే మాట్లాడుతున్నా... ఒక్క స్టారా? ఎవరా మహాతల్లి?... ఒప్పందం ప్రకారం నేనే స్వయంగా మాట్లాడాలా?

ఆవిడ: (కుర్చీ దగ్గరికి లాక్కుని) లైన్లోనే ఉన్నాను, చెప్పండి.