సవరణ: పల్లె వీడియోలు టిక్‌టాక్‌తో మొదలు కాలేదు

మొన్న రాసినదాంట్లో రెండు మాటలు దిద్దాలి. మన పల్లె పిల్లలకు వీడియోల పిచ్చి టిక్‌టాక్‌తోనే పట్టిందని, అదంతా లైకుల కోసమేనని రాశాను. రెండూ తప్పే.

మొదటిది తేదీల తప్పు. ఇప్పటి జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరాం 2012లోనే మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టారు. అప్పటికి టిక్‌టాక్ లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక దొరికిన చౌక డేటా కూడా లేదు. ఊళ్లోవాళ్లే నటులు, ఊరి యాసే సంభాషణ. కూలి పనులు చేసుకున్న గంగవ్వ ఆ వీడియోలతోనే ఇంటింటికీ తెలిసింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. ఆ ఏడాదే రీల్స్, షార్ట్స్ వచ్చాయి, పిల్లలు అటు మళ్లారు. తీయడం మాత్రం ఆగలేదు.

రెండోది నా తొందరపాటు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మొన్న ఆదివారం మా అమ్మ సర్వపిండి చేస్తుంటే మా అక్క కూతురు ఫోన్‌ను చెంబుకు ఆనించి వీడియో తీసింది. గంజు అడుగున పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసేదాకా కదలకుండా కూర్చుంది. "అమ్మమ్మ చెయ్యి కనబడాలె మామా, మొహం తర్వాత" అంది. ఆ వీడియో ఎక్కడా పెట్టలేదు, దుబాయ్‌లో ఉన్న మా బావకు మాత్రం పంపింది.

లైకులు లెక్కపెట్టుకునే పిల్లలు లేరని కాదు. అందరినీ ఒకే గాటన కట్టినందుకు మన్నించండి. పాత పోస్టులోంచి ఆ రెండు వాక్యాలు తీసేశాను.